తలుపు మీద తువ్వాలు
తొమ్మిదో భాగం

పోయినవారం మా వదినను ఉత్తరాల గదిలో ఒక కాగితం పట్టుకుని నిలబడ్డ చోట వదిలేశాం. వదిలేసింది మీరు కాదు లెండి, నేనే. "రేపు పొద్దున వచ్చి చూస్తాను, ఊరికే కంగారు పడకు" అని చెప్పి, గొడుగు తీసుకుని, బస్సు వేళయిందని వెళ్ళిపోయాను. కంగారు పడాల్సింది ఎవరో అప్పటికి నాకు తెలియదు.

ఆ కాగితం సంగతి మళ్ళీ ఒకసారి చెప్పాలి. వదిన పనిచేసేది ఒక పరీక్షాకేంద్రంలో. ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను అక్కడ భూతద్దం కింద పెట్టి జబ్బు ఉందో లేదో చూస్తారు. అనుమానం వస్తే ఆ గాజుపలకను వేరే ఊళ్ళో ఉన్న నిపుణుడికి పంపుతారు. ఆయన తన అభిప్రాయం ఈమెయిలులో రాస్తాడు. పదిహేను రోజుల్లో ఆయన ఉత్తరం రాలేదంటే మొదటి రిపోర్టే ఖాయం, జబ్బు లేనట్టే. ఇది పెద్ద డాక్టరు పెట్టిన పద్ధతి. ఉత్తరాలు తెరిచి చదివి, రోగులకు ఫోను చేసి చెప్పే పని పన్నెండేళ్ళుగా వదినది.

ఒక స్కూలు వ్యాను డ్రైవరుకు జబ్బు ఉందని నిపుణుడు రాసిన ఉత్తరం ఫోల్డరులో లేదు. ఉత్తరాలు అందుకునే సర్వరు మిషను రికార్డులో మాత్రం అది చేరినట్టు ఉంది. ఉత్తరాల ఫోల్డరు తెరిచేది వదిన ఒక్కతే. కాబట్టి చెరిపింది ఆవిడే అని పెద్ద డాక్టరు తేల్చేశాడు. ఇదంతా రాసిన కాగితం చేతికిచ్చి, మర్నాడు సాయంత్రం నాలుగింటిలోగా జవాబు రాసి ఇవ్వమన్నాడు. తప్పు ఒప్పుకుంటే సామాన్ల గదికి మారుస్తాడట, ఒప్పుకోకపోతే ఇంటికి పంపుతాడట. ఆ డ్రైవరుకు ఇప్పుడు వైద్యం మొదలైంది, ఆరువారాలు ఆలస్యంగా.

ఫోల్డరు తెరిచేది వదిన ఒక్కతే అన్న మాట నిజం కాదు. నేను రాసిన స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాము, కూడా తెరుస్తుంది. పైథాన్ అనే కంప్యూటరు భాషలో నలభై లైన్లు. దానికి నేను పెట్టుకున్న పేరు చీపురు. పదినిమిషాలకోసారి వచ్చి, వదిన చదివేసిన ఉత్తరాలను ఎత్తి పాతవాటి ఫోల్డరులో వేసి, మిగతావాటిని మళ్ళీ సర్దిపెట్టి పోతుంది. ఫోల్డరు అంటున్నాం గానీ అది నిజానికి ఒకే పెద్ద ఫైలు. ఆ పని నాకు ఇప్పించింది వదినే. "మా ఆడపడుచు రాసిపెడుతుంది, దానికి కంప్యూటరంటే మంచినీళ్ళ ప్రాయం" అని అందరి దగ్గరా చెప్పి మరీ ఇప్పించింది.

ఇక ఇవాళ్టి సంగతి.

పొద్దున పదకొండింటికి నేను మిషన్ల గదిలో ఉన్నాను. ఆ గది చూసుకునే ఆయనను అందరూ నెమ్మదాయన అంటారు, నేను మాస్టారూ అంటాను. ఆయన ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య మనం టీ తాగి రావచ్చు. చలిగా ఉండే గదిలో పనిచేసీ చేసీ స్వెట్టరు ఆయన ఒంటికి అతుక్కుపోయింది.

"మీ చీపురు తాళం వేస్తుందా అమ్మాయ్?" అన్నాడు.

ఇలాంటి ప్రశ్నలకు నాకు ఒళ్ళు మండుతుంది. "వెయ్యకుండా ఎలా ఉంటుంది మాస్టారూ? ఫోల్డరు పక్కన తాళం ఫైలు పెడుతుంది. అది ఉన్నంతసేపూ ఇంకెవరూ ముట్టుకోరు. రెండు విండోలు తెరిచి, రెండు చీపుర్లు ఒకేసారి నడిపి చూశాను. రెండోది బుద్ధిగా ఆగింది."

"రెండూ మీవేగా."

"అయితే?"

ఆయన తన కుర్చీ పక్కకు జరిపి నాకు చోటిచ్చాడు. "చీపురు ఫోల్డరు చదివాక ఒక్క నిమిషం ఆగేట్టు రాయండి. ఆ నిమిషంలో నేనొక ఉత్తరం పంపుతాను. అసలు ఫోల్డరు వద్దు, నకలు మీద చేద్దాం."

రాశాను. నకలు ఫోల్డరులో నలభై ఒక్క ఉత్తరాలున్నాయి. చీపురు వెళ్ళి తాళం ఫైలు పెట్టింది, ఉత్తరాలన్నీ చదువుకుంది, ఆగింది. మాస్టారు తన మిషను నుంచి ఉత్తరం పంపాడు. అది ఆగాలి. తాళం ఉంది కదా, వాకిట్లో నిలబడాలి. నేను తెరమీద అంకె చూస్తున్నాను. నలభై ఒకటి కాస్తా నలభై రెండయింది.

"వచ్చేసింది" అన్నాను.

"చూస్తూ ఉండండి."

నిమిషం అయింది. చీపురు నిద్రలేచి, తాను ముందు చదువుకున్న నలభై ఒక్క ఉత్తరాలనూ సర్ది, ఆ కట్టను పాత ఫైలు స్థానంలో పెట్టి, తాళం తీసేసి వెళ్ళిపోయింది. అంకె మళ్ళీ నలభై ఒకటి. ఎక్కడా ఎర్ర అక్షరం లేదు, తప్పు జరిగిందన్న సందేశం లేదు. ఉత్తరం చేరినట్టు మాస్టారి రికార్డులో ఉంది. ఫోల్డరులో లేదు. వదిన చేతిలో కాగితం మీద ఏం రాసి ఉందో సరిగ్గా అదే నా కళ్ళముందు జరిగింది.

ఇదెలా జరిగిందో మా ఇంటి కథతో చెప్తేనే సులువు. మా ఇంట్లో స్నానాల గది గడియ ఊడిపోయి చాలాకాలం అలాగే ఉండేది. లోపల మనిషి ఉంటే తలుపు మీద తువ్వాలు వేయాలని అమ్మ పెట్టిన రూలు. తువ్వాలు కనిపిస్తే ఎవరూ తలుపు తోసేవారు కాదు. తర్వాత అన్నయ్య కొత్త గడియ వేయించాడు. ఆ రోజునుంచి ఆయన తువ్వాలు వైపు చూడ్డం మానేశాడు. గడియ పడలేదంటే లోపల ఎవరూ లేనట్టేనని ఆయన లెక్క. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ తువ్వాలు వేసి, గడియ మరిచి వెళ్ళేదాన్ని. ఇంట్లో జరిగిన గొడవలు మీ ఊహకే వదిలేస్తున్నాను.

తాళాల్లోనూ ఆ రెండు రకాలున్నాయి. పక్కన చిన్న ఫైలు పెట్టడం తువ్వాలు. ఈ ఫైలును ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు అని మిషనుకే చెప్పడం లోపలి గడియ. నా చీపురు తువ్వాలు వేస్తోంది. మిషనులో ఉండి ఉత్తరాలను ఫోల్డరులో దింపే ప్రోగ్రాము గడియ ఒక్కటే చూస్తోంది. నేనేమో నా తువ్వాలును నాకే చూపించుకుని, భేషుగ్గా పనిచేస్తోందని ఊరంతా చాటాను.

"ఇదివరకు పనిచేసేది కదా మాస్టారూ. రెండేళ్ళు ఏ గొడవా లేదు."

"పాత మిషనులో ప్రోగ్రాము రెండూ చూసేది. తొమ్మిది వారాల కింద కొత్త మిషను పెట్టాం. కొత్తది తాళం ఫైలు చూడదు." ఆయన తన తెరమీద ఏదో వెతికి నా వైపు తిప్పాడు. "అప్పుడే మీకు రాశాను."

రాశాడు. ఫోల్డరు ముట్టుకునే స్క్రిప్టులన్నీ ఇకనుంచి రెండు తాళాలూ వెయ్యాలి అని స్పష్టంగా రాశాడు. దాని కింద నా జవాబు ఉంది. సరే మాస్టారూ, చూసుకుంటాను. అంతే, మూడు ముక్కలు. చూసుకోలేదు. ఆ వారం ఏదో పని ఉండింది. ఏం పనో కూడా ఇప్పుడు గుర్తులేదు.

"కాస్త గట్టిగా చెప్పొచ్చు కదా మీరు" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. నెమ్మదాయన చీపురును ఆపేయమని మాత్రం చెప్పాడు. ఆపేశాను. తర్వాత కూర్చుని సరిచేశాను. ముందు తాళం ఫైలు ఒక్క అడుగులో పుట్టించాలి. ఉందా లేదా అని చూసి, లేదంటే పెట్టడం కాదు, ఆ చూపుకీ పెట్టడానికీ మధ్య కూడా ఇంకొకరు దూరవచ్చు. ఆ తర్వాత లోపలి గడియ. గడియ దొరక్కపోతే తువ్వాలు కూడా తీసేసి, కాసేపు ఆగి, మళ్ళీ మొదటినుంచి. ఇరవై నిమిషాల పని. తొమ్మిది వారాలుగా చేయని ఇరవై నిమిషాల పని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుస్తూనే ఉంది.

ఉత్తరాల గదికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. ఆ గదిలో రెండు బల్లలు, నడవాలోకి ఒక కిటికీ, తలుపు సరిగా పడని ఇనుప బీరువా ఉంటాయి. వదిన భోజనం డబ్బా తెరిచి ఉంది, ముట్టుకోలేదు. డబ్బా పక్కన నాలుగు లైన్లు రాసిన కాగితం ఉంది. పొరపాటున నా చేతిమీదుగానే చెరిగిపోయి ఉండవచ్చు, మన్నించగలరు అని గుండ్రటి అక్షరాలతో రాసింది. కింద సంతకం లేదు.

"సంతకం పెట్టలేదేం?"

"పెన్ను వెతుకుతున్నాను" అంది. పెన్ను ఆవిడ చేతిలోనే ఉంది.

వచ్చే దారిలో నేను చాలా మాటలు కూర్చుకున్నాను. ఆవిడ ముఖం చూశాక ఒక్కటీ పనికిరాలేదు. "పెట్టకు వదినా. నువ్వు చెరపలేదు. నా స్క్రిప్టు మింగేసింది. ఇప్పుడే చూసి వస్తున్నాను."

వదిన పెన్నుకు మూత పెట్టింది. "ఎప్పట్నించి?"

"తొమ్మిది వారాలు. కొత్త మిషను పెట్టినప్పట్నించి. నా తాళం వాళ్ళ ప్రోగ్రాముకి కనపడదు. రెండూ ఒకేసారి లోపల ఉన్నప్పుడు మాత్రమే పోతుంది, అందుకే అన్నీ పోలేదు, ఎప్పుడో ఒకటి..."

"అంటే ఆ రోజు నేను నీకు చూపించింది అదేనన్నమాట."

ఆ రోజు సంగతి నేను మరిచిపోయానని చెప్తే అబద్ధం. ఏడు వారాల కింద వదిన నన్ను పిలిచి ఒక ఉత్తరం చూపించింది. మొదలంతా గాజుపలకలు అమ్మే కంపెనీ వాళ్ళది, చివర నిపుణుడి సంతకం. తల ఒకరిది, తోక ఇంకొకరిది. రెండు ప్రోగ్రాములు ఒకే క్షణంలో ఒకే ఫైలులో రాస్తే అలాగే అవుతుంది. ఈ పనిలో ఉన్న ఎవరైనా ఆ ఉత్తరం చూడగానే లేచి నిలబడాలి. నేను నవ్వాను. "నువ్వే ఎక్కడో నొక్కి ఉంటావులే వదినా" అన్నాను. అక్కడితో ఆగానా? రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యకు కూడా చెప్పాను. వదిన రెండు ఉత్తరాలు కలిపి కుట్టేసింది, కుట్టుమిషను కొనిపెట్టు అన్నాను. అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది.

"అది నవ్వే సంగతి కాదు కదా" అంది వదిన ఇప్పుడు.

"కాదు."

"నువ్వు చెప్పాక నేను ప్రతి ఉత్తరం రెండేసిసార్లు చూడ్డం మొదలుపెట్టాను. నా వేలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాస, ఇవాళ ఏం నొక్కానో, ఏం పోగొట్టానో అని. నలభై ఆరేళ్ళొచ్చాయి, కళ్ళు తప్పుతున్నాయేమో, చేతులు తప్పుతున్నాయేమో అనుకున్నాను. నిన్న డాక్టరుగారు నువ్వే చెరిపావు అంటే నాకు కోపం కూడా రాలేదు తెలుసా? నిజమే అయ్యుంటుంది అనుకున్నాను. మా ఆడపడుచే చెప్పిందిగా, దానికి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది. ఆడబిడ్డ అర్ధమొగుడు అని మా ఇంట్లో నన్ను ఆటపట్టిస్తుంటారు. పదహారేళ్ళలో వదిన నన్ను ఒక్క మాట అనగా నేను వినలేదు. ఇవాళ అన్నది, అదీ నా తప్పు నేనే ఒప్పుకున్నాక. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పయిపోయింది వదినా. డాక్టరుతో నేను చెప్తాను. ఇప్పుడే వెళ్తాను."

"ఆ తప్పూ ఒప్పూ తర్వాత. ఎన్ని పోయాయి?"

"ఏంటి?"

"ఉత్తరాలమ్మా. తొమ్మిది వారాలంటున్నావు. డ్రైవరు ఉత్తరం ఒక్కటే పోయిందా?"

పొద్దుటినుంచీ నేను తాళం గురించి ఆలోచించాను, వదిన ఉద్యోగం గురించి ఆలోచించాను, నా పరువు గురించి అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. పదిహేను రోజులు ఉత్తరం రాకపోతే జబ్బు లేదని ఫోను చేసి చెప్పే చోట, పోయిన ప్రతి ఉత్తరానికీ ఒక మనిషి ఉంటాడు. వదినకు అది మొదటే తట్టింది.

మాస్టారికి ఫోను చేశాను. తొమ్మిది వారాల్లో నిపుణుడి దగ్గరనుంచి మిషనుకు చేరినవి ఎన్నో అడిగాను. ఇరవై ఏడు అన్నాడు. కొత్తవీ పాతవీ కలిపి మా ఫోల్డర్లలో వెతికాను. ఇరవై మూడున్నాయి. మళ్ళీ వెతికాను. ఇరవై మూడే.

వదిన అప్పటికే నిపుణుడి ఆఫీసుకు ఫోను కలిపింది. అక్కడ ఫోను తీసే ఆమెను వదిన ఎప్పుడూ చూడలేదు, పన్నెండేళ్ళుగా గొంతు మాత్రమే తెలుసు. ఒకరినొకరు అక్కయ్యా అంటే అక్కయ్యా అనుకుంటారు. "అక్కయ్యా, ఒక సాయం చేయాలి, ఎందుకని అడక్కు" అని వదిన మా దగ్గరున్న ఇరవై మూడు ఉత్తరాల నంబర్లూ చదివింది. అటునుంచి ఆవిడ తన జాబితాలో ఒక్కొక్కటీ కొట్టేస్తూ వచ్చింది. పన్నెండో నంబరు దగ్గర ఎవరో పిలిస్తే ఫోను పక్కన పెట్టి వెళ్ళింది. ఆ మూడు నిమిషాలూ వదిన కాగితం చివర నలుపుతూ కూర్చుంది. అది తాను రాసిన క్షమాపణ కాగితమని చూసుకున్నట్టు లేదు.

మిగిలిన నాలుగింటిలో ఒకటి డ్రైవరుది. రెండోదీ మూడోదీ భయం లేదు, మొదటి రిపోర్టే సరి. నాలుగోది చదివేటప్పుడు అటువైపు గొంతు మారింది. వదిన వింటూ నంబరు రాసుకుంది, తేదీ రాసుకుంది. ఐదు వారాల కిందటి తేదీ. దాని కింద ఏమీ రాయలేదు.

"చెడ్డదేనా?" అన్నాను.

తల ఊపింది. "వెంటనే పిలిపించమని రాశారట. బేకరీలో పనిచేసే ఆవిడది. నాకు బాగా గుర్తు. పదహారో రోజు నేనే ఫోను చేసి ఏమీ లేదమ్మా, నిశ్చింతగా ఉండు అని చెప్పాను. ఆవిడ ఫోనులోనే ఏడ్చేసింది. పిల్లల్ని పిలిచి చెప్పింది. మీ నోరు మంచిది అంది నాతో."

గడియారం మూడు ఇరవై చూపిస్తోంది. నేను కుర్చీలోంచి లేచాను. "డాక్టరు దగ్గరికి వెళ్తాను. ఆయనే పిలిపిస్తారు, ఆయనే చెప్తారు." డాక్టరుకు ఎలా చెప్పాలో నాకు అప్పటికే వాక్యాలు వచ్చేస్తున్నాయి. మిషను మారడం వల్ల, రెండు తాళాల పద్ధతుల మధ్య తేడా వల్ల, సమాచారం అందడంలో లోపం వల్ల. అన్నీ వల్ల, వల్ల. ఒక్కదాంట్లోనూ నేను లేను.

"ముందు ఆవిడకి" అంది వదిన. "డాక్టరు ఎక్కడికీ పోడు."

ఫోను కలిపింది. నాలుగైదుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. వెనకాల పిల్లల మాటలూ, పళ్ళేలు ఒకదానిమీద ఒకటి పెడుతున్న చప్పుడూ నాకు కూడా వినపడ్డాయి. వదిన తానెవరో చెప్పింది. అటువైపు సంతోషంగా పలకరించారు కాబోలు, వదిన ముఖం ఇంకా పాలిపోయింది. "బాగున్నానమ్మా. మీరొకసారి రేపు పొద్దున తొమ్మిదింటికి రావాలి. డాక్టరుగారు మాట్లాడతారు. ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తోడు తెచ్చుకోండి. లేదమ్మా, ఫోనులో నేను చెప్పకూడదు. అవును. అవును, నేనే చెప్పాను. ఆ రోజు నేనే చెప్పాను."

పళ్ళేల చప్పుడు ఆగిపోయింది.

అప్పుడే తలుపు తోసుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. కళ్ళజోడు నుదుటిమీదకు నెట్టుకుని, "నాలుగవుతోంది, కాగితం సిద్ధమేనా?" అన్నాడు. వదిన ఆయన వైపు చూడకుండానే ఆగమన్నట్టు చెయ్యెత్తింది. పన్నెండేళ్ళలో ఆయనను ఎవరైనా అలా ఆపి ఉంటారని నేననుకోను. నలిగిన కాగితం బల్లమీదే ఉంది. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "ఈవిడెందుకు ఇక్కడ?" అన్నాడు.

ఫోనులో ఆవిడ ఏదో అడుగుతోంది. మాటలు నాకు తెలియడం లేదు, అదే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. వదిన నోరు తెరిచింది. నా పొరపాటేనమ్మా అని ఒక్క మాట అంటే అయిపోయేది. పొద్దుటినుంచీ ఆ మాట రాసిపెట్టుకునే ఉంది. ఆవిడ అనేస్తుందని, అనేస్తే బాగుండునని ఒక్క క్షణం నేను అనుకున్నాను. ఆ క్షణానికి నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

వదిన అరచేతితో ఫోను మూసి నా వైపు చాపింది.

"ఐదు వారాలు ఎందుకు చెప్పలేదని అడుగుతోంది. నువ్వు చెప్పు."

తీసుకున్నాను. ఫోను వదిన చేతి వేడికి వెచ్చగా ఉంది. డాక్టరు తలుపు దగ్గరే నిలబడ్డాడు. నేను మీకు చెప్పినట్టు తువ్వాలు కథ చెప్పబోయాను.

"చెప్పండమ్మా" అంది అటునుంచి ఒక అలసిన గొంతు. "పిల్లల్ని బయటికి పంపేశాను. చెప్పండి, వింటున్నాను."